కూలి పెరిగిన యేడు పంట ఎందుకు తగ్గును?



ఊడ్పుల కాలము వచ్చినదనగా ఏ ఊరి రచ్చబండ వద్ద కూర్చున్నను ఒకే మాట వినబడును. "కూలి రేట్లు పెరిగిపోయినవి, ఇక సేద్యము గిట్టదు" అని. అదే సాయంకాలము కూలివారి పేటకు పోయి అడిగినచో, "ఏడాదిలో పని దొరకునది కొద్ది రోజులే గదా, ఆ రోజులలోనైనను నాలుగు రూపాయలు ఎక్కువ రాకున్న ఇల్లు గడచుట యెట్లు?" అందురు. ఇద్దరు చెప్పునదియు నిజమే. ఇద్దరు నిజమే చెప్పుచుండగా మధ్యలో పొలము బీడు పడుచున్నదన్నచో, లెక్కలో మనము చూడని అంకె ఏదో ఒకటి ఉండియుండవలెను. ఆ అంకెను గూర్చియే ఈ వ్యాసము.

ఒక కాలములో, ఒక ధరకు, దేశములోని ఉత్పత్తిదారులందరు కలసి ఎంత సరుకు తయారుచేయ సిద్ధపడుదురో దానిని ఆర్థిక శాస్త్రజ్ఞులు సమష్టి సరఫరా అందురు. కొద్ది కాలమునకు చూచినప్పుడు అది స్వల్పకాలిక సమష్టి సరఫరా. పేరు పెద్దదే గాని సంగతి మన గాదెలోనిదే. ఫ్యాక్టరీ యజమానికి స్వల్పకాలమనగా కొత్త యంత్రము బిగించులోపలి కాలము. మనకు అది ఒక పంట కాలము. ఆ నాలుగైదు నెలలలో మన భూమి పెరగదు, కాలువ వెడల్పు కాదు, తీసికొన్న అప్పు మారదు, విత్తిన వంగడము మారదు. మారునవి మూడు: సరుకు ధర, కూలి, ఆ కూలికి జరుగు పని. ధర కంటె కూలి వేగముగా పెరిగి, పని మాత్రము ఉన్నచోటనే ఉన్నచో, ఉత్పత్తిదారు వెనుకకు తగ్గును. ధర కూలిని మించినను, లేక అదే కూలికి ఎక్కువ పని జరిగినను ముందుకు వచ్చును. మిల్లుకైనను, ఇటుకల బట్టీకైనను, వరి చేనికైనను ఇది వర్తించును.

వరిచేనికి ఒక చిక్కు అదనముగా ఉన్నది. మిల్లు యజమాని నేడు కూలి ఇచ్చి రేపు సరుకు అమ్మును. మనము ఆషాఢములో కూలి ఇచ్చి మార్గశిరములో ధాన్యము అమ్ముదుము. కూలి ప్రతి సాయంకాలము చేతిలో పెట్టవలసినది. ధర ఎప్పుడో రావలసినది, అదియు ఇంకొకరు నిర్ణయింపవలసినది. కనుక కూలి పెరిగినప్పుడు దానిని వెంటనే ధరలో కలిపి వసూలు చేసికొను వీలు రైతుకు లేదు. అతని చేతిలో మిగిలియున్నది ఒక్కటే: ఎన్ని ఎకరాలు వేయవలెను, ఎంత శ్రద్ధగా వేయవలెను అనునది. అందుచేతనే కూలి ప్రభావము మన దగ్గర మొదట ధరలో గాక విస్తీర్ణములో కనబడును.

ఒక లెక్క వేసి చూతము. అంకెలు సులభముగా ఉండుటకై ఊహించినవి, మీ ఊరి అంకెలతో మీరు మరల వేసికొనవచ్చును. ఎకరా వరికి నారుమడి మొదలు నూర్పిడి వరకు 40 పనిదినములు పట్టినవనుకొందము. దిగుబడి 20 క్వింటాళ్ళు. కూలి రోజుకు 200 రూపాయలు. మొత్తము కూలి 8,000 రూపాయలు, క్వింటాలుకు పడు కూలి 400. కూలి 300 అయినచో మొత్తము 12,000, క్వింటాలుకు 600. అనగా క్వింటాలు మీద 200 రూపాయలు పెరిగినది. అదే సమయములో ధర క్వింటాలుకు 80 రూపాయలు మాత్రమే పెరిగినచో, రైతు క్వింటాలుకు 120 రూపాయలు, ఎకరాకు 2,400 రూపాయలు తన జేబునుండి పెట్టుకొనవలెను. ఎరువు, దమ్ము, శిస్తు పెరుగుదల ఇందులో కలుపలేదు.

80 రూపాయల అంకె మాత్రము ఊహ కాదు. సాధారణ రకము ధాన్యమునకు కనీస మద్దతు ధర 2010-11లో క్వింటాలుకు 1,000 రూపాయలు, 2011-12లో 1,080. ఆ సంవత్సరమే మన గోదావరి డెల్టాలో ఈ లెక్క కాగితము మీద నుండి పొలములోనికి దిగినది.

2011 సార్వాకు కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించిన సంగతి మీలో చాలమందికి జ్ఞాపకమే. అప్పటి తూర్పు గోదావరి జిల్లాలో, కాలువలో నీరు పారుచుండగానే, సుమారు లక్ష ఎకరాలు ఊడ్చకుండ వదలివేసిరి. గోదావరి డెల్టా ఆయకట్టు మొత్తము పది లక్షల ఎకరాల ప్రాంతము. అందులో పదవ వంతు! కాటన్ దొర ఆనకట్ట కట్టిన తరువాత నీరున్నను పంట వద్దని రైతు చేతులు కట్టుకొని కూర్చుండుట ఆ సీమకు కొత్త. దేశమంతట పత్రికలు వ్రాసినవి. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము మోహన్ కందా అధ్యక్షతన ఒక సంఘమును వేసి కారణములు విచారింపజేసినది.

ఆనాడు అందరి నోట మొదట వచ్చిన కారణము కూలి. 2006 ఫిబ్రవరిలో అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన జాతీయ ఉపాధి హామీ పథకము 2008 ఏప్రిల్ నాటికి దేశములోని గ్రామీణ జిల్లాలన్నిటికి వ్యాపించినది. 2011లో మన రాష్ట్రములో ఆ పథకపు కూలి రోజుకు 121 రూపాయలు. ఊడ్పులప్పుడు, కోతలప్పుడు డెల్టాలో ఇచ్చు కూలి అంతకంటె ఎక్కువే. అయినను, ఊరిలోనే వేరొక పని ఉన్నదను ధైర్యము కూలివానికి వచ్చినది, బేరము చేయు శక్తి వచ్చినది. పట్టణములలో ఇండ్ల నిర్మాణము జోరుగా సాగుచు కుర్రవాండ్రను లాగికొన్నది. 2007 తరువాత అయిదారేండ్లు పల్లెలలో కూలి వేగముగా పెరిగినదన్నది దేశమంతటికి చెందిన విషయమే, కోనసీమకు మాత్రమే వచ్చిన విపత్తు కాదు.

అట్లయినచో దేశమంతట పంట విరామము రావలసియుండెను. ఎందుకు రాలేదు? ఈ ప్రశ్న వేసికొననందుననే చాలమంది కూలి దగ్గర ఆగిపోయిరి.

కోనసీమలో ఆ యేడు కూలితోబాటు మరి కొన్ని కలిసినవి. 2010 మే నెలలో లైలా తుపాను, నవంబరులో జల్ తుపాను, డిసెంబరులో వానలు వరుసగా పంటను ముంచినవి. మురుగు కాలువలు పూడిపోయి నీరు దిగుటకు దారి లేక చేలు రోజుల తరబడి మునిగియుండెను. ఎకరాకు 40 పనిదినములు పెట్టిన రైతుకు 20 క్వింటాళ్ళు రావలసిన చోట పన్నెండో పదో వచ్చినప్పుడు, కూలి ఒక్క పైసా పెరగకున్నను క్వింటాలుకు పడు కూలి దాదాపు రెండింతలగును! ఆపైన బాసుమతి కాని బియ్యము ఎగుమతిపై 2008 నాటి నిషేధము 2011 సెప్టెంబరు వరకు తొలగలేదు. ధాన్యము కొనువాడు లేక మద్దతు ధర కంటె తక్కువకు అమ్ముకొన్నవారు అనేకులు. ధర క్రింద నుండి లాగుచున్నది, దిగుబడి మధ్యలో విరిగినది, కూలి పైనుండి నొక్కుచున్నది. కంటికి ఎదురుగా, చేయి చాచి అడుగునది కూలి గనుక నింద దానికి ఎక్కువ వచ్చినది. పూడిన మురుగు కాలువ సాయంకాలము వచ్చి డబ్బు అడుగదు గదా.

ఇచ్చట కూలివాని లెక్కయు చూడవలెను. లక్ష ఎకరాలు, ఎకరాకు 40 పనిదినములు: మొత్తము 40 లక్షల పనిదినములు ఆ సార్వాలో లేకుండ పోయినవి. కూలి రేటు పెరిగినది గాని కూలి డబ్బు ఇల్లు చేరలేదు. ఎకరాకు 15 క్వింటాళ్ళు మాత్రమే వేసికొన్నను 15 లక్షల క్వింటాళ్ళ ధాన్యము దేశపు గాదెకు రాలేదు. రైతు ఆదాయము, కూలివాని ఆదాయము, దేశపు సరఫరా మూడును ఒకేసారి తగ్గినవి. కనుక ఇది రైతుకు, కూలికి మధ్య జగడమని తలచువారు లెక్కలో సగమే చూచుచున్నారు.

ప్రకటించి చేసిన విరామము పత్రికలకెక్కును. ప్రకటింపని విరామములు ఏటేట మన ఊళ్ళలోనే జరుగుచున్నవి, వాటిని ఎవరును లెక్కింపరు. రెండవ కలుపు తీయించక వదలివేయుట ఒకటి. ఊడ్పుముఠా దొరకలేదని ముదురు నారు నాటుట ఒకటి. దూరపు మడిని, పల్లపు మడిని ఈ యేటికి పోనిమ్మనుట ఇంకొకటి. ముప్పది రోజుల లోపల నాటవలసిన నారును నలుబది అయిదు రోజులకు నాటినచో పిలకలు తగ్గి దిగుబడి ఎంత పడిపోవునో మీకు తెలియనిది కాదు. ప్రతి రైతు ఒక బస్తా, రెండు బస్తాలు పోగొట్టుకొనును. ఊరిలో నాలుగు వందల మంది, తాలూకాలో ఏబది ఊళ్ళు. సమష్టి సరఫరా అను పెద్ద మాట ఇట్టి చిన్న మడుల మొత్తమే.

ఒక పాత సంగతి జ్ఞాపకము వచ్చుచున్నది. నోటు కూలి రాకముందు కోత కూలి, నూర్పిడి కూలి మన సీమలో గింజలలో ఉండెడిది. ఇన్ని కుంచములు కొలిచిన ఒక కుంచము కూలివానిదని కట్టుబాటు. పంట బాగుగా పండిన యేడు కూలివానికి ఎక్కువ, పోయిన యేడు తక్కువ. ధర పెరిగినచో అతని గింజ విలువయు పెరిగెడిది. ఆ పద్ధతిలో అన్యాయములు చాల ఉండెను. కొలతలో మోసము ఉండెను, వెట్టి ఉండెను. దానిని మరల తేవలెనని నేను చెప్పుట లేదు. కాని కూలి, దిగుబడి, ధర మూడింటిని ఒక త్రాటికి కట్టిన ముడి అందులో ఉన్నది. నోటు కూలి వచ్చినప్పుడు ఆ ముడి ఊడిపోయినది. ఇప్పుడు దిగుబడి పోయినను కూలి పూర్తిగా ఇయ్యవలసినదే, ఇచ్చుట న్యాయమే. ఊడిన ముడికి బదులుగా ఉత్పాదకత అను కొత్త ముడి మనము వేసికొనవలసియుండెను. ఆలస్యము చేసితిమి.

ఉత్పాదకత యనగా ఒక్కొక్క పనిదినమునకు పండు పంట. పై లెక్కలో అది అర క్వింటాలు, అనగా 40 పనిదినములకు 20 క్వింటాళ్ళు. కూలివానిని తొందరపెట్టుట ఉత్పాదకత కాదు. ఎండలో వంగి నాటు స్త్రీ చేతులు ఇంతకంటె వేగముగా ఆడవు, ఆడించుట ధర్మమును కాదు. ఆ చేతికి ఏ పనిముట్టు ఇచ్చితిమి, ఆ మడి నాటుటకు సిద్ధముగా ఉన్నదా, దమ్ము ట్రాక్టరు రాలేదని పది మంది గట్టు మీద కూర్చుండి రెండు గంటలు పోగొట్టుకొనిరా అనునవి చూడవలెను. ఆ రెండు గంటలకు కూలి రైతే ఇచ్చుచున్నాడు.

మరల లెక్కకు వత్తము. కూలి 300 రూపాయలే ఉండనిండు. కొన్ని పనులకు యంత్రము పెట్టి 40 పనిదినములను 25కు దింపితిమనుకొందము. కూలి 7,500, యంత్రపు అద్దె 2,000, మొత్తము 9,500. దిగుబడి అదే 20 క్వింటాళ్ళయినచో క్వింటాలుకు 475 రూపాయలు. పాత 400 మీద 75 ఎక్కువ, ధర పెరిగిన 80 దానికి సరిపోవును. నీరు సకాలమున పెట్టి, కలుపు సకాలమున తీసి దిగుబడి 22కు తెచ్చినచో క్వింటాలుకు 432. కూలి సగము మేర పెరిగినను రైతు నష్టపడడు, ఎకరా వదలడు. అదే కూలి, అదే ధర. మారినది పనిదినమునకు పండిన పంట ఒక్కటే.

ఇది కాగితపు మాట కాదని 2020లో పంజాబు చూపినది. ఆ యేడు లాక్‌డౌనులో బీహారు, ఉత్తర ప్రదేశ్‌ల కూలివారు ఇండ్లకు వెళ్ళిపోయిరి. సరిగా ఊడ్పుల వేళకు మనుషులు లేరు. ఉన్నవారి రేటు ఎక్కడికో పోయినది. పంట విరామమునకు అంతకంటె గట్టి కారణము ఉండబోదు. కాని అచ్చటి రైతులు సుమారు అయిదు లక్షల హెక్టార్లలో నారు పోయకుండ, ఊడ్చకుండ, గొర్రుతో నేరుగా విత్తిరి. అంతకు ముందటి యేడు ఆ పద్ధతి చాల తక్కువ విస్తీర్ణమునకే పరిమితము. 2020-21లో దేశములో బియ్యపు దిగుబడి తగ్గకపోగా 12 కోట్ల టన్నులు దాటినది. ఇందుకు వానలు కూడ తోడ్పడినవి, నిజమే. కాని పంజాబు చేతిలో విత్తు యంత్రములు, సమము చేసిన చేలు, కలుపు మందు వాడుక ముందే లేకున్నచో ఒక్క నెలలో అంత మార్పు సాధ్యమయ్యెడిదా? కోనసీమ రైతుకు 2011లో ఇట్టి రెండవ దారి లేదు. ఉన్నదల్లా ఊడ్చుట లేదా మానుట.

పంజాబు కథలో రెండవ అంకమును చెప్పవలెను. కూలివారు తిరిగి వచ్చిన తరువాత, 2022లో ఎకరాకు 1,500 రూపాయలు ప్రోత్సాహకముగా ప్రభుత్వము ప్రకటించినను, నేరుగా విత్తిన విస్తీర్ణము బాగుగా తగ్గిపోయినది. కలుపు బాధపడలేక రైతులు మరల నాట్లకు మరలిరి. కనుక ఒక పద్ధతి వచ్చిన దని సంబరపడి కూలి సమస్య తీరినదనుకొనుట తొందరపాటు.

మన డెల్టాలో డ్రమ్ సీడరు సంగతి చూడుడు. ఎకరా ఊడ్చుటకు పది పన్నెండు మంది పట్టుచుండగా, ఇద్దరు మనుషులు డ్రమ్ సీడరుతో రోజుకు రెండెకరములు విత్తవచ్చును. విత్తనము 12 నుండి 15 కిలోలు చాలును. పంట వారము పది రోజులు ముందు కోతకు వచ్చును. దాళ్వాలో అనేకులు దీనిని, వెదజల్లు పద్ధతిని అలవాటు చేసికొన్నారు. సార్వాలో మాత్రము విత్తిన మూడవ నాడు పెద్ద వాన పడి మడిలో నీరు నిలిచినచో మొలక కుళ్ళిపోవును. మడి సమముగా ఉండి, నీరు దిగు దారి ఉన్నచోటనే ఇది నిలుచును. అనగా, ఊడ్పు కూలి తగ్గింపవలెనన్న మురుగు బోదె త్రవ్వవలెను!

కోత యంత్రము కథయు ఇంతే. కూలి పెరిగిన తరువాత మన జిల్లాలలో కోత యంత్రములు వేగముగా వచ్చినవి. ఎకరా కోసి నూర్చుటకు పట్టు రోజులు గంటలలోనికి దిగినవి. కాని నేల ఆరని చేలో చక్రముల యంత్రము దిగబడును. చైను యంత్రము కావలెను, దాని అద్దె ఎక్కువ, పని నిదానము. యంత్రము కోసిన ధాన్యము పచ్చిగా వచ్చును. కొనుగోలు కేంద్రములో తేమ 17 శాతము మించరాదు. ఆరబెట్టుటకు కల్లము లేక రోడ్డు మీద పోసి, రాత్రి కావలి కాచి, వాన వచ్చిన పట్టాలు కప్పి, తిరగబోయుటకు మరల కూలి. కోతలో మిగిల్చిన పనిదినములు ఆరుదలలో ఖర్చగుచున్నవి. గడ్డి నలిగి పశువులకు తగ్గుట వేరు. ఒక చోట యంత్రము పెట్టినంత మాత్రమున మొత్తము పని తగ్గదు. ఇరుకు ఒక చోట నుండి ఇంకొక చోటికి జరుగును. కనుక యంత్రపు సబ్సిడీని గూర్చి మాటలాడు సభలలో కల్లములను గూర్చి, ఆరబెట్టు యంత్రములను గూర్చి ఎవరో ఒకరు లేచి అడుగవలెను.

గ్రామాధికారులకు, ఊరి వ్యవసాయ సహాయకులకు, విస్తరణాధికారులకు ఈ సందర్భమున ఒక మనవి. కూలి రేటును మీరు తగ్గింపలేరు. ఊరి కట్టుబాటు పెట్టి తగ్గింప యత్నించుట తగదు, అది నిలువను నిలువదు. పక్క ఊరివాడు పది రూపాయలు ఎక్కువ ఇచ్చి తీసికొనిపోవును. మీ చేతిలో ఉన్నవి వేరు. కాలువకు నీరు ఏ తేదీన వదలుదురో ముందుగా చెప్పి ఆ మాట నిలుపుట వాటిలో ముఖ్యమైనది. నీరు అందరికి ఒక్కసారే వచ్చినచో ఊడ్పులన్నియు ఒకే పది రోజులలో పడి, ముఠాల రేటు ఆకాశమునకు పోవును. ఎగువ, దిగువ పొలములకు వారము తేడాతో నీరందు ఏర్పాటున్నచో అదే ముఠా రెండు చోట్ల పని చేసికొనును. వారికి పనిరోజులు పెరుగును, రైతుకు రేటు తగ్గును. 2022లో డెల్టాకు జూన్ 1వ తేదీననే నీరు వదలిరి. పంటను తుపానులకు ముందే ఇల్లు చేర్చు ఆలోచన మంచిదే. కాని అదే సంవత్సరము కోనసీమలో కొన్ని మండలములలో మరల పంట విరామపు మాట లేచినది. ధాన్యము డబ్బు ఆలస్యమైనదని, మురుగు కాలువలు బాగుపడలేదని రైతులు చెప్పిరి. 11 ఏండ్ల తరువాతను ఆ మురుగు కాలువల మాటే!

ఉపాధి పనులను ఊడ్పుల వేళ, కోతల వేళ ఆపవలెనని రైతులు 2011 నుండి కోరుచు వచ్చిరి. ఆ వేళలలో వ్యవసాయ కూలి ఎట్లును ఎక్కువ గనుక ఆపుట వలన కూలివానికి పెద్ద నష్టము లేదని వారి వాదము. నాకు ఇది సగమే ఒప్పుగా తోచును. పనిని ఆపుట కంటె, ఆ పని ఏమి చేసినదో చూచుట ముఖ్యము. కాలువలు కట్టివేసిన ఎండకాలములో అవే చేతులతో బోదెలు, మురుగు కాలువలు త్రవ్వించినచో, ఆ కూలి డబ్బే తరువాతి సార్వాలో పనిదినమునకు పండు పంటను పెంచును. ఎవరికి అక్కరలేని గుంట త్రవ్వించినచో కూలి మాత్రమే పెరిగి పంట పెరగదు. రెండు చోట్లను ఖర్చయిన రూపాయి ఒకటే. సరఫరాపై వాటి ఫలితము మాత్రము ఒకదానికొకటి ఎదురు.

కౌలుదారుల సంగతి చెప్పక తప్పదు. డెల్టాలో చేను దున్నువారిలో చాలమంది కౌలుదారులే. శిస్తు బస్తాలలో ముందే నిర్ణయమైపోవును. కూలి పెరుగుదల అంతయు వారి వాటామీదనే పడును. వారు కష్టపడి దిగుబడి రెండు బస్తాలు పెంచినచో మరుసటి యేడు శిస్తు ఒక బస్తా పెరుగును. అట్టి చోట ఎవడు మడి సమము చేయించును? ఎవడు బోదె త్రవ్వించును? అట్టి కౌలుదారు చేతులెత్తివేయుట వింత కాదు. 2019 చట్టము క్రింద ఆంధ్ర ప్రదేశ్‌లో కౌలుదారునకు 11 నెలల సాగు హక్కు పత్రము ఇయ్యవచ్చును. భూస్వాములారా, ఆ కాగితము మీద సంతకము పెట్టుటకు జంకకుడు. మీ పొలము బీడు పడినచో శిస్తు రాదు గదా.

యంత్రము వచ్చినచో స్త్రీల పని పోవునన్న భయమును తేలికగా తీసికొనరాదు. ఊడ్పు, కలుపుతీత, కోత ఈ మూడును ముఖ్యముగా వారి పనులు. యంత్రము నడుపు పని మాత్రము మగవారికి పోవుచున్నది. నాటు యంత్రమునకు కావలసిన ట్రేల నారు పెంచుట, కోనో వీడరు నడుపుట, అద్దె యంత్రముల లెక్క చూచుట స్త్రీ సంఘములకు అప్పగించినచో వారి కూలియు, పని విలువయు కలసి పెరుగును. కూలి పెరిగినను పంట తగ్గని దారులలో ఇది ఒకటి. ఇందుకు శిక్షణ నాలుగు రోజుల పనియే.

ధర విషయము క్లుప్తముగా చెప్పెదను. మద్దతు ధరకు ఆధారమైన ఖర్చుల లెక్కలు గడచిన యేండ్ల సర్వేల నుండి ముందుకు అంచనా వేసినవి. కూలి నెమ్మదిగా పెరుగునప్పుడు ఆ అంచనా సరిపోవును. ఒక్కసారి ఎగసినప్పుడు ధర వెనుకబడును. 2014 తరువాత పల్లెలలో కూలి పెరుగుదల నెమ్మదించినది గనుక ఆ బాధ కొంత కనబడకుండ ఉన్నది. సాధారణ ధాన్యమునకు 2011-12లో 1,080గా ఉన్న ధర 2025-26లో 2,369 రూపాయలైనది. అనగా రెండింతలకు కొంచెము పైన. ఈ కాలములో మీ ఊరి ఊడ్పు కూలి ఎన్నింతలైనదో మీకే బాగుగా తెలియును. రెండింతల కంటె ఎక్కువైయుండి మీరు ఇంకను సేద్యము చేయుచున్నారన్నచో, మీకు తెలియకుండగనే మీ చేలో పనిదినములు తగ్గియుండవలెను, లేదా దిగుబడి పెరిగియుండవలెను, లేదా మీ లాభము తరిగిపోయియుండవలెను. మూడింటిలో ఏదియో తెలిసికొనుటకు ఒక నోటు పుస్తకము చాలును.

ఈ దాళ్వా నుండియే మొదలు పెట్టుడు. నారుమడికి ఎందరు, దమ్మునకు ఎందరు, ఊడ్పునకు, కలుపునకు, మందునకు, కోతకు, ఆరుదలకు ఎందరు ఎన్ని పూటలు పని చేసిరో ఏ పూట కా పూట వ్రాయుడు. పని లేక గట్టున కూర్చున్న గంటలను వేరుగా వ్రాయుడు. ఇంటివారి పనిని వదలవద్దు, అదియు పనియే. చివర కాటా వేసిన క్వింటాళ్ళతో భాగించుడు. పదిమంది రైతులు పుస్తకములు తెచ్చి ఒకచోట కూర్చున్నచో, ఊరిలో ఏ పనికి ఎక్కువ రోజులు పోవుచున్నవో, ఏ మురుగు బోదె ఎన్ని బస్తాలు తినుచున్నదో తేలిపోవును. కాలువలు కట్టివేయు ఏప్రిలు నెలకు ముందుగా ఆ లెక్కను గ్రామసభలో పెట్టి, ఎండకాలపు పనుల జాబితాలో ఆ బోదె పేరు మొదట వ్రాయించుడు.